కుడివైపు నొప్పి

దుర్గారావుగారి భార్యని ఎవరేమడిగినా జవాబు దుర్గారావుగారే చెప్పేవారు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయనకి పట్టిన జబ్బు ఇది. దీనికి మందు రాజోలులోనూ లేదు, అమలాపురంలోనూ లేదు. పక్కింటావిడ వీధరుగు దగ్గర నిలబడి "ఏం కూర వండేరు వదినా?" అని లోపలికి కేకేస్తే, పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి పేపరు దించకుండానే "బీరకాయ, పాలు పోసి" అని చెప్పేసేవారు. బట్టల కొట్లో గుమస్తా మంగాయమ్మ ముందు చీర పరిస్తే "ఆవిడకి ఆ రంగు నచ్చదు, తీసెయ్" అనేవారు. ఆవిడకి ఆ రంగే నచ్చి ఉండేది. పోనీ ఆవిడే కాస్త ముందుగా నోరు తెరిచి "మొన్న మంగళవారం మా మరదలు వచ్చిందండి" అందనుకోండి, "మంగళవారం కాదు, సోమవారం. వచ్చింది మరదలు కాదు, మరదలి చెల్లెలు" అని దిద్దేవారు. దిద్దకపోతే ఆ పూట ఆయనకి అన్నం సయించదు.

మంగాయమ్మ మొదట్లో ఉడుక్కునేది. తరవాత అలవాటు పడింది. ఆ అలవాటులోంచే మెల్లిగా ఓ విద్య నేర్చుకుంది. కొట్లో తనకి నచ్చిన చీరని పక్కకి తోసేసి, చూడబుద్ధెయ్యనిదాన్ని పట్టుకుని "ఇది బాగుందండీ" అనేది. "నీ మొహం, అదేం చీర? ఇదిగో, ఇది తీసుకో" అని ఆయన ఆవిడ తోసేసినదాన్నే లాగి ఇచ్చేవారు. ఆవిడ బీరువా నిండా ఆవిడకి నచ్చిన చీరలే. ఆయనకేమో అవన్నీ తన ఎంపికేనని గర్వం.

ఇలా ఎవరి దారిన వాళ్ళు నెగ్గుకొస్తుండగా, రెండువేల ఐదో ఆరో, ఆ ఏడాది వేసవిలో దుర్గారావుగారికి ఉన్నట్టుండి కొబ్బరిచెట్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

తోట ఆయనదే, చెట్లు ఆయనవే. ఇన్నేళ్ళలో కాయల దింపు జరిగిన రోజున రాశి వంక చూడడమే తప్ప, ఒక్క చెట్టుకేసైనా తేరిపార చూసిన పాపాన పోలేదు. అలాంటిది, భోజనం చేసి తోటకి బయల్దేరిన మనిషి కాలవగట్టు ఎక్కగానే మొదటి చెట్టు దగ్గర ఆగిపోతున్నారు. మాను మీద ఓ చెయ్యి ఆన్చి, తల పైకెత్తి, గెలలకేసి చూస్తూ నిలబడిపోతున్నారు. కాసేపటికి కదులుతారు. నాలుగు చెట్లు దాటగానే మళ్ళీ ఆగుతారు. మళ్ళీ చెయ్యి, మళ్ళీ చూపు.

దారిన పోయేవాళ్ళు ఆయన కాపు చూసుకుంటున్నారు అనుకున్నారు. వెనకాల మజ్జిగ చెంబుతో నడిచే మంగాయమ్మ చెట్టుని చూడలేదు, ఆయన్ని చూసింది. మెడ మీద చెమట. మాను మీద లేని రెండో చెయ్యి పిడికిలి బిగించుకుని ఛాతీ మీద అదుముకుని ఉంది.

"ఏవండీ, ఒంట్లో ఎలా ఉంది?"

"గ్యాసు. తాటిపాక చుట్టూ గ్యాసు కోసం అంతంత గోతులు తవ్వుతున్నారు గానీ, నా పొట్టలోకి ఓ గొట్టం దింపితే చాలదూ?"

ఆవిడకి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు వచ్చినట్టే పోయింది. ముమ్మిడివరంలో ఆవిడ అన్న కూడా గ్యాసనే అన్నాడు. రొయ్యల చెరువుగట్టు మీద సోడా తెప్పించుకుని, తాగుతూ తాగుతూనే పక్కకి ఒరిగిపోయాడు. అప్పట్నించీ సోడా కొట్టిన చప్పుడు వింటే చాలు, మంగాయమ్మ రెండు చెవులూ మూసుకుంటుంది. ఇప్పుడు చూస్తే ఆ సోడాలు ఆవిడ ఇంటికే వస్తున్నాయి. పొద్దున ఒకటి, భోజనమయ్యాక ఒకటి.

ఆసుపత్రికి వెళ్దామని బతిమాలింది. పోట్లాడింది. మాట్లాడ్డం మానేసింది. ఆవిడ మాట్లాడ్డం మానేసిందని ఆయనకి తెలియను కూడా తెలియలేదు. ఎలాగూ ఆవిడ మాటలు కూడా ఆయనే మాట్లాడతారు. రామచంద్రపురం నుంచి కూతురు ఫోను చేసి "నాన్నకి ఎలా ఉందమ్మా?" అంటే, ఫోను ఆయనే లాక్కుని "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. మీ అమ్మకే చాదస్తం" అని పెట్టేశారు. ఆయనకి ఇప్పటివరకూ సూది పడలేదట. పడనివ్వరట.

ఆవిడకి భయం వేసింది. మామూలు భయం కాదు. పక్కన పడుకున్న మనిషి ఊపిరి వినపడుతోందా లేదా అని చెవి రిక్కించుకుని పడుకునే భయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజోలులో ఓ ధర్మాసుపత్రి మేడ మీద గొడుగులాంటి పెద్ద డిష్షు వెలిసింది. లోపలి గదిలో టీవీ, టీవీ మీద కెమెరా పెట్టారు. బుధవారం బుధవారం హైదరాబాదు నుంచి గుండె డాక్టరుగారు అందులోకి వచ్చి ఇక్కడి రోగుల్ని చూస్తారని చుట్టుపక్కల ఊళ్ళన్నీ గుప్పుమన్నాయి. జనం పెళ్ళికి ముస్తాబైనట్టు ముస్తాబై వెళ్ళసాగారు. ఒకాయన పూతరేకుల పొట్లం తీసుకెళ్ళి కెమెరా ముందు విప్పి "తమకోసమేనండి, కాస్త రుచి చూడండి" అన్నాడట. అవతల డాక్టరుగారు చేతులు జోడించి, ఇవతల నర్సుకి ఇవ్వమన్నారట.

ఆ పూతరేకులు తిన్న నర్సు ప్రసన్నకుమారి. మంగాయమ్మ వాళ్ళ ఊరి బళ్ళో పాఠాలు చెప్పిన మత్తయి మాస్టారి కూతురు. మంగాయమ్మ ఓ రోజు రాజోలులో వెన్నపూస ఎవరికో ఇచ్చి రావాలని వంక చెప్పి, తిన్నగా ప్రసన్నకుమారి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"అందులో వింతేం లేదు పిన్నిగారు," అంది ప్రసన్నకుమారి. "ఇక్కడ మేం బీపీ చూస్తాం, ఈసీజీ తీస్తాం. ఆ కాయితాలు ముందే అక్కడికి పంపేస్తాం. తరవాత మీరు తెరకి ఎదురుగా కూర్చుని మీ బాధేంటో చెప్పాలి. మన మాట అక్కడికి వెళ్ళడానికి కాస్త ఆలస్యం అవుద్దండి. అందుకని ఒకళ్ళు చెప్పడం పూర్తయ్యేక ఇంకొకళ్ళు మాట్లాడాలి. అంతే."

"చెయ్యి పట్టుకు చూడకుండా ఆ డాక్టరమ్మకేం తెలుస్తుందే?"

"చెయ్యి పట్టుకోలేరు కాబట్టే మనం ఉన్నది ఉన్నట్టు చెప్పాలండి. ఎక్కడ నొప్పి, ఎప్పుడొస్తది, ఏం చేస్తే తగ్గుద్ది. ఆవిడ సగం చూసి, సగం విని పట్టుకుంటారు. మొన్న ఒకాయన తెర మీద కనబడతానని సిగ్గుపడి అన్నిటికీ 'బాగానే ఉందండి' అన్నాడు. ఇంక ఆవిడ మాత్రం ఏం చేస్తారు?"

"పోనీ మీ బాబాయిగారి లక్షణాలు నేనొచ్చి చెప్తే?"

ఊళ్ళో కాంపౌండరు దగ్గర అలా నడుస్తుంది. ఎవరెళ్ళి ఎవరి జబ్బు చెప్పినా పొట్లం కట్టి ఇచ్చేస్తాడు. ప్రసన్నకుమారి తల అడ్డంగా ఊపింది. "కుదరదండి. మనిషి ఎదురుగా ఉండాలి."

"మనిషి రాడే! మెడ మీద కత్తి పెట్టినా రాడు."

ఉన్నట్టుండి మంగాయమ్మ మొహంలోకి బట్టల కొట్టు నవ్వు వచ్చింది. "అయితే నా పేరే రాయి. నాకే గుండెల్లో నొప్పి."

"అబద్ధమండి పిన్నిగారు!"

"నా బీరువాలో చీరల్లో ఒక్కటైనా నేను నిజం చెప్పి కొనుక్కున్నది ఉందేంటి? నేనొక్కదాన్నీ వెళ్ళి నా జబ్బు నేనే చెప్పుకుంటానంటే ఆయన ఇంట్లో కూర్చోగలరా? వస్తారు. వచ్చి నా పక్కనే కూర్చుంటారు. ఆవిడ నన్ను అడుగుతుంది, ఆయన చెప్తారు. ఆయనకి తెలిసిన గుండెనొప్పి ఆయనదొక్కటే కదా. నువ్వు ఆ కెమెరా మా ఇద్దరి మీదికీ తిప్పు, చాలు."

ప్రసన్నకుమారి చాలాసేపు గింజుకుంది. ఆఖరికి ఒప్పుకుంది గానీ, ఓ షరతు పెట్టింది. "లేచి వచ్చేలోగా డాక్టరుగారికి నిజం చెప్పెయ్యాలి. మీరు చెప్పకపోతే నేను చెప్పేస్తానండి."

"ఆయ్, అలాగే," అంది మంగాయమ్మ.

బుధవారం పొద్దున్నే కాఫీ ఇస్తూ ఆవిడ ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. "ఏవండీ, గట్టెక్కితే ఇక్కడ నొప్పిగా ఉంటోంది."

"నొప్పి కాదు, గ్యాసు" అంటారని ఎదురు చూసింది. ఆయన అనలేదు. పేపరు కిందికి జారిపోయింది. మొహంలో రక్తం లేదు.

"గట్టెక్కితేనా?" అన్నారు మెల్లిగా. "ఎప్పట్నించే?"

"కొన్నాళ్ళుగా. ఇవాళ టీవీ డాక్టరు వస్తారట. నేను వెళ్ళొస్తాను, ప్రసన్న ఉందిగా, మీరు..."

"నువ్వొక్కదానివీ వెళ్ళి ఏం చెప్తావు? నీకు కుడి ఎడమలే తెలీవు!"

అనుకున్నట్టే అయింది. కానీ ఆ తరవాతది ఆవిడ అనుకోలేదు. తన ఒంటి కోసం తాటిపాక దాకా కూడా కదలని మనిషి చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తి వెళ్ళి కారు మాట్లాడుకొచ్చారు. హైదరాబాదు వాళ్ళు చూస్తారని గడ్డం గీసుకుని, గంజి పెట్టిన పంచె కట్టి, పట్టు కండువా వేసి, మొహానికి పౌడరు కూడా అద్దారు. కారులో డ్రైవరు చూస్తున్నాడన్న సిగ్గు లేకుండా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. "భయపడకు మంగా, ఏం కాదు" అని దారి పొడుగునా అంటూనే ఉన్నారు.

మంగాయమ్మకి ప్రాణం చచ్చిపోయింది. ఇంత మనిషిని ఇలా మోసం చేస్తున్నానే అనిపించి, నిజం నాలిక చివరి దాకా వచ్చింది. అంతలో కాలవ వంతెన దాటగానే ఆయన "ఓ క్షణం ఆపవోయ్" అని దిగి, కిళ్ళీకొట్లో సోడా కొట్టించుకున్నారు. ఆ చప్పుడు వినగానే ఆవిడ నాలిక వెనక్కి తీసుకుంది.

ఆసుపత్రిలో ఆవిడ బీపీ చూశారు, ఈసీజీ తీశారు. గదిలో రెండు కుర్చీలు పక్కపక్కనే వేసి ఉన్నాయి. తెర మీద డాక్టరు ఉమాదేవిగారు కళ్ళజోడు సర్దుకుంటూ కనిపించారు. తెర కింది మూల చిన్న గళ్ళో ఇక్కడి కుర్చీలు కనిపిస్తున్నాయి, ఇక్కడ కూర్చున్నవాళ్ళకి తమ బొమ్మ తెలియడానికి. ప్రసన్నకుమారి అలవాటు ప్రకారం నిబంధన చెప్పింది. "పేషెంటుగారు ఒక్కరే మాట్లాడాలండి. ఇద్దరూ మాట్లాడితే అక్కడ ఒక్క ముక్క కూడా అర్థం కాదు."

చెప్పాక నాలిక కరుచుకుంది. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. దుర్గారావుగారు "ఆయ్" అని బుద్ధిగా తలూపి, కుర్చీని గోడ వారకి లాక్కుని, కెమెరాకి అందకుండా చేతులు కట్టుకు కూర్చున్నారు.

"నమస్కారం అమ్మా," అన్నారు ఉమాదేవిగారు. "చెప్పండి, ఏంటి ఇబ్బంది?"

మంగాయమ్మ గోడ వైపు చూసింది. ఆయన రెండు చేతులూ ముందుకి తిప్పి 'నువ్వే చెప్పు' అన్నట్టు సైగ చేశారు. కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఈ ఒక్క మాట కోసం ఆవిడ కలలు కంది. చూడండి ఖర్మ, అది అక్కర్లేని రోజున వచ్చింది!

నిజం చెప్పేస్తే? "జబ్బు ఆయనదండి" అన్న మరుక్షణం ఆయన కండువా దులుపుకుని వీధిలో ఉంటారు. మళ్ళీ ఈ ఆసుపత్రి గుమ్మం తొక్కరు. డాక్టరుగారు ఎదురు చూస్తున్నారు. ప్రసన్నకుమారి కళ్ళతోనే అడుగుతోంది, ఇప్పుడెలా అని. మంగాయమ్మ బట్టల కొట్లో ఉన్నాననుకుంది.

"నొప్పండి," అంది. "గుండెల్లో. కుడివైపున."

గోడ దగ్గర కుర్చీ కిర్రుమంది.

"నడిచినప్పుడు వస్తుందా?"

"లేదండి. నడిస్తే హాయిగా ఉంటుందండి. ఊరికే కూర్చుంటేనే వస్తది. లేచి నాలుగడుగులు పరిగెడితే పోద్దండి."

కుర్చీ ఇంకోసారి కిర్రుమంది. 'కాదు' అన్న మాట పళ్ళ మధ్య నలిగినట్టు వినిపించింది. ఉమాదేవిగారు ఏదో రాసుకున్నారు.

"చెమటలు పడతాయా?"

"అబ్బే. చలేస్తదండి."

"చెయ్యి ఏమైనా లాగుతుందా?"

"చెయ్యి కాదండి, కాలు. కుడికాలు."

ప్రసన్నకుమారి గబుక్కున గోడ వైపు తిరిగి బీపీ మిషను సర్దడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి భుజాలు కదులుతున్నాయి.

ఉమాదేవిగారు కాయితం తీసి చూశారు. నవ్వారు. "మీ ఈసీజీ చక్కగా ఉందమ్మా. మీరు చెప్పిన దాన్నిబట్టి కూడా ఇది గుండెకి సంబంధించినది కాదు. కంగారు పడకండి. ఓ మాత్ర రాస్తాను, ఇంటికి వెళ్ళి..."

"కాదండీ!"

దుర్గారావుగారు లేచారు. కుర్చీ వెనక్కి పడింది, పట్టు కండువా కింద పడింది. కెమెరాకి అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

"అలా పంపించెయ్యకండి డాక్టరుగారూ! ఆవిడ మాట పట్టుకుని ఇంటికి పంపేస్తే నేను మనిషిని పోగొట్టుకుంటానండి. ఆవిడకి చెప్పడం రాదు. కుడి ఎడమలు తెలీవండి ఆవిడకి. కుడివైపు కాదు, నడిమధ్యన. ఇదిగో, ఇక్కడ." ఆయన పిడికిలి బిగించి ఛాతీ మీద పెట్టుకున్నారు. "రోకలి పెట్టి అదిమినట్టుంటది. కూర్చుంటే రాదండి, గట్టెక్కితే వస్తది. భోంచేసి ఎక్కితే మరీను. నాలుగు చెట్లు దాటేసరికి ఇంక అడుగు పడదు. నించుంటే తగ్గుద్ది. చలేంటండి, చొక్కా పిండుకునేంత చెమట. లాగేది కాలు కాదు. ఈ భుజం, ఈ మోచెయ్యి, ఈ చిటికినవేలు దాకా."

అవతల ఉమాదేవిగారి పెదాలు కదిలాయి, ఏదో అడుగుతున్నారు. ఆ మాట వచ్చేలోగా ఈయన ఇంకా ముందుకి వెళ్ళిపోయారు.

"ఇదివరకు గట్టెక్కితేనే వచ్చేదండి. ఈ మధ్య తెల్లారగట్ల మంచం మీద ఊరికే ఉన్నా వస్తోంది. లేచి గోడకి ఆనుకుని కూర్చోవాలి. మూలగడానికి కూడా లేదు. పక్కన ఆ మనిషికి మెలకువ వచ్చేస్తది, హడిలిపోద్ది, వాళ్ళన్న గుర్తొచ్చి..."

ఆగిపోయారు.

అప్పటికి ఉమాదేవిగారి ప్రశ్న వచ్చి చేరింది. "ఇదంతా ఆవిడ మీతో చెప్పారా అండి?"

దుర్గారావుగారి చూపు తెర కింది మూల గళ్ళో పడింది. అక్కడ పౌడరు చెమటకి చారలు కట్టిన పెద్దాయనెవరో, పిడికిలి ఛాతీ మీద అదుముకుని, నోరు తెరుచుకు నిలబడి ఉన్నాడు. ఆయన పిడికిలి దించితే ఆ పెద్దాయన కూడా దించాడు.

"అమ్మా, మీరు చెప్పండి," అన్నారు ఉమాదేవిగారు. "ఈ నొప్పి సంగతి మీరు ఆయనకి చెప్పారా?"

"లేదండి," అంది మంగాయమ్మ. "గట్టు సంగతి నాకు తెలుసండి. తెల్లారగట్ల సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది. జబ్బు నాది కాదండి, ఆయనది. నాకు కుడిదీ లేదు, ఎడమదీ లేదు. మీతో అబద్ధం ఆడేను. నన్ను ఎన్ని తిట్టాలన్నా తిట్టండి, ముందు ఆయన్ని చూడండి."

పళ్ళెంలోంచి మెతుకు కింద పడితే ఎవరూ చూడకుండా తీసుకున్నట్టు, ఆవిడ కొంగుతో గబగబా కళ్ళు తుడుచుకుంది. చెవి రిక్కించుకు పడుకున్నదే! అయినా వినపడకుండా ఆ మనిషి ఎన్ని తెల్లవారుఝాములు గోడకి ఆనుకుని కూర్చున్నాడో. దొంగ నాటకం తానొక్కతే ఆడుతున్నాననుకుంది. ఇంట్లో ఇంకో నాటకం ఎప్పట్నించో నడుస్తోంది.

ఉమాదేవిగారు తిట్టలేదు. గొంతు మాత్రం మారింది. "అయ్యా, మీరు ఆ కుర్చీలో కూర్చోండి. లేవొద్దు, నడవొద్దు. సిస్టర్, ఈయనకి ఈసీజీ తియ్యండి. అక్కడి డాక్టరుగారిని వెంటనే పిలవండి."

దుర్గారావుగారు కూర్చున్నారు. చొక్కా విప్పమంటే విప్పారు. నాలిక కింద మాత్ర పెట్టుకోమంటే పెట్టుకున్నారు. ఆయన కాయితం మీది గీతలు మంగాయమ్మ కాయితం మీది గీతల్లా లేవని చదువు రానివాళ్ళకి కూడా తెలిసిపోయేలా ఉంది. సాయంత్రం దాకా కూడా ఆగడానికి లేదు, ఇప్పుడే అంబులెన్సులో రాజమండ్రి పెద్దాసుపత్రికి వెళ్ళాలి, అక్కడివాళ్ళకి నేను ఫోను చేస్తాను అన్నారు ఉమాదేవిగారు.

"ఒక్కసారి ఇంటికెళ్ళి, దింపువాళ్ళకి చెప్పి..."

"వద్దండి," అన్నారు తెర మీంచి ఉమాదేవిగారు.

"వద్దండి," అంది ప్రసన్నకుమారి.

మంగాయమ్మ కింద పడ్డ కండువా తీసి దులిపి ఆయన భుజం మీద వేసింది. ఆయన ఆవిడకేసి కోపంగా చూద్దామని ప్రయత్నించారు గానీ కుదరలేదు. స్ట్రెచరు మీద వీధిలోకి తీసుకెళ్తుండగా అప్పుడు నోరు పెగిలింది.

"కుడికాలేంటే? గుండెనొప్పికి కుడికాలు లాగడం ఎక్కడైనా ఉందా? ఆ హైదరాబాదావిడ ఏమనుకుంటుంది?"

"మీరు దిద్దుతారనేగా చెప్పేను," అంది ఆవిడ ఏడుస్తూనే.

రాజమండ్రిలో గుండె నాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందని చెప్పి, వెంటనే తెరిచారు. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో అక్కడి డాక్టరుగారు మంగాయమ్మకి వివరంగా చెప్పబోయారు. ఆవిడ వద్దంది. ఆవిడకి తెలుసు. ముమ్మిడివరం చెరువుగట్టు మీద ఒకసారి చూసింది.

ఇంటికి వచ్చాక ఆ ముస్తాబుతోనే దుర్గారావుగారు బుధవారాలు రాజోలు వెళ్ళసాగారు. ఇప్పుడు రోగి కుర్చీ ఆయనది, గోడ వార కుర్చీ ఆవిడది. ఉమాదేవిగారు "ఎలా ఉందండి?" అని ఆయన్నే అడిగేవారు. అడిగి, ఆయన చెప్పిందంతా విని, "ఇప్పుడు మంగాయమ్మగారు చెప్పండి" అనేవారు. ఆవిడ చెప్తుంటే ఆయన పెదాలు బిగించుకుని కూర్చునేవారు. దొంగచాటుగా తిన్న ఆవకాయ సంగతి కూడా ఆవిడ చెప్పేసేది. సోడాలు మాత్రం ఎవరూ చెప్పకుండానే మానేశారు.

గట్టెక్కచ్చని ఉమాదేవిగారు సెలవిచ్చిన మర్నాడు, సాయంత్రం చల్లబడ్డాక ఇద్దరూ తోటకి బయల్దేరారు. ఆయన ముందు, మజ్జిగ చెంబుతో ఆవిడ వెనక. గట్టెక్కారు. మొదటి చెట్టు దగ్గర దుర్గారావుగారు ఆగిపోయారు. మాను మీద చెయ్యి ఆన్చి, తల పైకెత్తి నిలబడ్డారు.

మంగాయమ్మ చేతిలో మజ్జిగ గట్టు మీద ఒలికింది.

"నొప్పా?"

"కాదే."

"గ్యాసా?"

"కాదంటుంటే! ఎలక కొట్టేసింది చూడు, గెల గెలంతా."

ఆవిడ పైకి చూడలేదు. ముందు ఆయన మెడ చూసింది. చెమట లేదు. రెండో చెయ్యి ఎక్కడుందో చూసింది. అది ఛాతీ మీద లేదు, పైకి గెల చూపిస్తోంది. అప్పుడు పైకి చూసింది. నిజంగానే కాయలన్నిటికీ బెజ్జాలు.

"నామీద నమ్మకం లేకపోతే బుధవారం మీ డాక్టరమ్మకి చెప్పుకో," అన్నారాయన.

"చెప్తాను. గట్టు మీద కుడివైపు నొప్పొచ్చిందని చెప్తాను."

"కుడివైపు కా..." అని నోరు తెరిచి, ఆవిడ మొహంలో ఆ నవ్వు చూసి, టక్కున మూసేశారు. చొక్కా సర్దుకుని ముందుకి నడిచారు.

మంగాయమ్మ మిగిలిన మజ్జిగ చెంబు పట్టుకుని వెనకాలే నడిచింది. నాలుగు చెట్లు దాటారు. ఆవిడ ఊపిరి బిగపట్టి చూసింది. ఆయన ఆగలేదు.